గంజీఫా పత్తాలు, నిర్మల్ నకాషీలు, ఏటేటా మారే ఆట



అక్బర్ బాద్షాను గేమ్ డిజైనర్ అంటే నవ్వుకుంటారేమో. ‘ఆయీన్-ఎ-అక్బరీ’ తిరగేసినవాళ్లకు మాత్రం ఈ మాట అతిగా అనిపించదు. బావర్చీఖానా ఖర్చు, ఏనుగుల దాణా, టంకసాల లెక్కలు రాసిన కలంతోనే అబుల్ ఫజల్ ఆటల గురించి కూడా ఒక ఆయీన్ రాశాడు. చౌగాన్, పావురాలాట, చౌపడ్ అయ్యాక పత్తాలాట దగ్గర కాసేపు ఆగుతాడు. ఆ పత్తాల పేరు గంజీఫా. పాత ఆట ఎట్లుండేదో ముందు చెప్పి, తర్వాత జహాఁపనా అందులో ఏమేం మార్చాడో ఒక్కో పత్తా చొప్పున వివరిస్తాడు.

ఈ రోజుల్లో వీడియో గేమ్ కంపెనీలు ఏటేటా చేసేది కూడా ఇదే. పాత ఆటనే తీసుకుంటాయి, కొత్త ఫీచర్లు పెడతాయి, ‘నిరుటికన్నా ఈసారి అసలుకు ఇంకా దగ్గరగా ఉంది’ అని ఇష్తెహార్ ఇస్తాయి. మన పిల్లలు ఆడే క్రికెట్, ఫుట్‌బాల్ ఆటలకూ, అమెరికాలో ఉన్న మన చుట్టాల పిల్లలు ఆడే బేస్‌బాల్ ఆటకూ ఇదే దస్తూర్. ఫోన్ మీద ఇంట్లో రోజూ జరిగే ఝగడా మీకు తెలిసిందే, దాన్ని మళ్లీ చెప్పను. ఆటలో ‘అసలుతనం’ అంటే ఏమిటి, అందులో ఎవరి ముఖం కనిపిస్తుంది, ఎవరిది కనిపించదు అన్న సవాల్ కొత్తది కాదు. దాని తారీఖ్‌లో మన నిర్మల్ పేరు కూడా ఉంది. అది మన పిల్లలకు తెలియాలనే ఈ మజ్మూన్.

ముఖం లేని పత్తాలు

గంజీఫా అన్న లఫ్జ్ ఫార్సీ ‘గంజ్’ నుంచి, అంటే ఖజానా నుంచి వచ్చిందని కొందరంటారు. ఆ వాదన ఇంకా తేలలేదు. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ మ్యూజియంలో మిస్ర్‌ను ఏలిన మమ్లూక్ సుల్తానుల కాలం నాటి పత్తాలున్నాయి. నాలుగు రంగులు: కప్పులు, దీనార్లు, తల్వార్లు, చౌగాన్ కర్రలు. ప్రతి రంగులో మాలిక్, నాయిబ్, సానీ నాయిబ్ అని ముగ్గురు పెద్దలు. వాళ్ల ముఖాలు మాత్రం ఎక్కడా కనిపించవు. బంగారు, నీలి రంగుల బేల్‌బూటాల మధ్య హోదా పేరు ఖుష్‌ఖత్‌లో రాసి ఉంటుంది, అంతే. బొమ్మ లేకుండానే ఆట నడిచింది.

ఈ పత్తాలు సముద్రం దాటి యూరప్ చేరాక నాయిబ్‌కు ముఖం వచ్చింది, కిరీటం వచ్చింది. స్పెయిన్‌లో ఇప్పటికీ పేకముక్కల్ని ‘నైపెస్’ అంటారు. అది మన అరబీ ‘నాయిబ్’ లఫ్జే. అక్కడివాళ్లకు చౌగాన్ ఆట తెలియదు. అందుకని చౌగాన్ కర్ర వాళ్ల చేతుల్లో మామూలు దుడ్డుకర్ర అయింది. ఆట ఏ ఊరికి పోతే ఆ ఊరి కళ్లతో కనిపిస్తుంది.

హిందుస్తాన్‌లో గంజీఫా జిక్ర్ మొదట కనిపించేది బాబర్ తుజుక్‌లో. సింధ్ హాకిమ్ షా హుసేన్‌కు ఈ ఆటంటే షౌక్. పత్తాలు కావాలని అడిగితే 1527లో బాబర్ ఒక మనిషి చేత పంపించాడు. కూతురు గుల్బదన్ బేగం తన ‘హుమాయూన్‌నామా’లో కాబూల్ మజ్లిస్‌లో గంజీఫాను పైసలు పెట్టి ఆడిన సంగతి రాసింది. ఈ పైసల ముచ్చటకు తర్వాత వస్తా.

అక్బర్ తెచ్చిన ‘కొత్త ఫీచర్లు’

పాత ఆటలో పన్నెండు రంగులు, ఒక్కో రంగులో పన్నెండు పత్తాలు, మొత్తం 144. ఆ రంగుల పేర్లు తెలుగు చదువుకున్నవాళ్లకు వెంటనే తగులుతాయి: అశ్వపతి, గజపతి, నరపతి, గఢపతి, ధనపతి... మన పాత తెలుగు కావ్యాల్లో అశ్వపతి, గజపతి, నరపతి అంటే మూడు సింహాసనాలు. అబుల్ ఫజల్ కూడా వీటిని అట్లాగే అర్థం చేసుకున్నాడు. అశ్వపతి అంటే గుర్రాల బలం ఉన్న ఢిల్లీ బాద్షా, గజపతి అంటే ఏనుగుల బలం ఉన్న ఒరిస్సా రాజు, నరపతి అంటే పాదాల సైన్యం ఉన్న బీజాపూర్ సుల్తాన్ అని రాశాడు. ఒక రంగులో దేవతలు, ఒక దాంట్లో జిన్నాత్ లాంటివాళ్లు, ఒక దాంట్లో అడవి జంతువులు, ఒక దాంట్లో పాములు. అంటే సగం దునియా, సగం ఖిస్సా.

అక్బర్ కొత్త పత్తాల్లో పాములు, జిన్నాత్ లేరు. వాళ్ల జాగాలో సల్తనత్ నడిచే తీరు వచ్చింది. ఎనిమిది రంగులు, ఒక్కో రంగులో పన్నెండు, మొత్తం 96 పత్తాలు. ప్రతి రంగులో ఒక బాద్షా, ఒక వజీర్, మిగతా పది లెక్క పత్తాలు. ఆ పదింటిలో ఉత్త చుక్కలు లేవు. పని చేసేవాళ్లున్నారు.

జర్-ఎ-సుర్ఖ్, అంటే ఎర్ర బంగారం రంగు తీసుకోండి. బాద్షా పైసలు పంచుతున్నాడు, వజీర్ ఖజానా లెక్క చూస్తున్నాడు. కింద పది పత్తాల్లో జౌహరీ, బంగారం కరిగించేవాడు, ముక్కలు కోసేవాడు, తూకం వేసేవాడు, ముద్ర కొట్టేవాడు, మొహర్లు లెక్కపెట్టేవాడు. ఒక టంకసాల మొత్తం చేతిలో పట్టుకున్నట్టే. జర్-ఎ-సఫేద్ రంగులో వెండి టంకసాల ఇట్లాగే ఉంటుంది.

బరాత్ అంటే పెళ్లి బారాత్ కాదు, సర్కారీ సనద్. ఆ రంగులో బాద్షా ఫర్మాన్లు చూస్తున్నాడు, వజీర్ ముందు దఫ్తర్ తెరిచి ఉంది. కింద కాగితం తయారుచేసేవాడు, గీతల పలక చేసేవాడు, దఫ్తర్‌లో ఎక్కించే ముహర్రిర్, నీలం, బంగారు గీతలు గీసే జద్వల్‌కష్, ఫర్మాన్ రాసేవాడు, జిల్ద్ కట్టేవాడు, కాగితానికి రంగులద్దే రంగ్రేజ్. వీళ్ల మధ్యన మొదటి పుటలకు సింగారం చేసే నక్కాష్ కూడా ఉన్నాడు. ఈ నక్కాష్‌ను గుర్తుపెట్టుకోండి, నిర్మల్‌లో మళ్లీ కలుస్తాడు.

చంగ్ రంగులో బాద్షా సంగీతం వింటున్నాడు, కింద సాజిందాలు. ఖిమాష్ రంగులో పట్టుబట్టలు, వాటిని మోసే జంతువులు. తాజ్ రంగులో దర్జీలు, రజాయిలు కుట్టేవాళ్లు. షంషీర్ రంగులో బాద్షా కత్తి ఫౌలాద్‌ను పరీక్షిస్తున్నాడు, కింద ఆయుధాలు చేసేవాళ్లు, సానపట్టేవాళ్లు. చివరిది గులాం రంగు. బాద్షా ఏనుగు మీద, వజీర్ బండి మీద. కింద నౌకర్లు: ఒకడు కూర్చున్నాడు, ఒకడు సజ్దాలో పడి ఉన్నాడు, ఒకడు నషాలో, ఒకడు హోష్‌లో.

గమనించారా? టంకసాల పత్తాల్లో మనిషికి ఒక హునర్ ఉంది. గులాం రంగులో హునర్ లేదు, ఉత్త హాలత్ ఉంది. కరిగించేవాడు, తూకం వేసేవాడు తన పనితో గుర్తుంటాడు. గులాంను మాత్రం పడుకున్నాడా, తాగి ఉన్నాడా అన్నదాన్ని బట్టే గుర్తుపట్టాలి. అక్బర్ పత్తాలు దర్బార్ నుంచి కనిపించినంత మేరకు అసలుగా ఉన్నాయి. గులాం తనను తాను గీసుకుని ఉంటే ఆ పత్తా ఇట్లా ఉండేది కాదు. ఇప్పటి పత్తాల్లో కూడా ఉర్దూ ఇళ్లల్లో జాకీని ‘గులాం’ అనే అంటాం. బాద్షా, బేగం, గులాం, ఇక్కా అని లెక్కపెడతాం. ఆట మారినా ఆ లఫ్జ్ మన నోట్లో అట్లనే ఉంది.

ఆడే తీరు

గంజీఫా మామూలుగా ముగ్గురు ఆడే ఆట. పత్తాలు గుండ్రంగా ఉంటాయి. 96 పత్తాలు ముగ్గురికి పంచితే తలా 32. ఒకరు పత్తా వేస్తే అదే రంగులో పెద్ద పత్తా ఉన్నవాడు ఆ చేయి గెలుస్తాడు. హుకుం రంగు అంటూ వేరే లేదు. పగలు ఆడితే బంగారం రంగు బాద్షా ఎవరి దగ్గరుంటే వాళ్లు మొదలుపెట్టాలి, రాత్రయితే వెండి రంగు బాద్షా ఉన్నవాళ్లు. సూరజ్, చాంద్ కూడా ఆటలో షరీక్ అన్నమాట. ఇప్పటి వీడియో గేముల్లో పగటి మ్యాచ్‌కు నీడలు, రాత్రి మ్యాచ్‌కు ఫ్లడ్‌లైట్లు వేరువేరుగా చూపిస్తామని చెప్పుకుంటారు. ఆ ఖయాల్ గంజీఫా ఆడినవాళ్లకు ఎప్పుడో ఉంది.

ఇంకో చిత్రం. సగం రంగుల్లో పది పెద్దది, ఒకటి చిన్నది. వాటిని ‘బేష్‌బర్’ అంటారు. మిగతా సగం రంగుల్లో ఉల్టా: బాద్షా, వజీర్ తర్వాత ఒకటే పెద్దది, పది అన్నిటికన్నా చిన్నది. వాటిని ‘కంబర్’ అంటారు. పడిన పత్తాలన్నీ యాద్ పెట్టుకోకుంటే గెలవలేరు. ఈ ఆటకు కిస్మత్‌తో పాటు హాఫిజా కూడా గట్టిగా ఉండాలి.

దర్బార్ కోసం చేసినవి ఏనుగు దంతం మీద, తాబేలు డిప్ప మీద ఉండేవి. వాటిని ‘దర్బార్ కలం’ అనేవారు. బజారు కోసం చేసినవి గుడ్డ, కాగితం పొరలు అతికించి, రంగులేసి, వెనక లక్క పూసినవి. అవి ‘బాజార్ కలం’. రాజుల ఆట బజారుకు వచ్చిందంటే దాని వెనక ఎవరో చౌకగా చేయగలిగిన కారీగర్లు ఉండాలి. నిర్మల్ అక్కడే వస్తుంది.

నిర్మల్ నకాషీలు

నిర్మల్ అనగానే అందరికీ యాదికొచ్చేవి పొనికి కర్ర బొమ్మలు. ఆ కర్ర చాలా తేలిక. ముక్కల్ని చింతగింజల జిగురుతో, కర్ర పొట్టుతో అతికిస్తారు. సీతాఫలం, దానిమ్మ, జామపండు చేస్తే చేతిలోకి తీసుకుని వాసన చూడాలనిపించేట్టు ఉంటాయి. జింక, పాలపిట్ట, నెమలి కూడా అంతే. అసలుకు నకలు ఎంత దగ్గరగా రావాలో ఈ ఊరివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 17వ శతాబ్దంలో నిమ్మనాయుడు అనే పాలకుడు కారీగర్లను పోగుచేసి ఇక్కడ బసాయించాడని, ఊరి పేరు కూడా ఆయన మీదుగానే వచ్చిందని చెప్పుకుంటారు. తర్వాత నిజాం అమల్‌లో ఫ్రెంచ్ ఇంజనీర్ల చేత కట్టించిన ఖిలాలు, తోపులు పోసే కార్ఖానా వచ్చాయి. బొమ్మలు చేసినవాళ్లు మాత్రం చేస్తూనే ఉన్నారు.

దక్కన్‌లో గంజీఫా పత్తాలు రాసిన ఊళ్ల జాబితాలో నిర్మల్ ఉంది. బొమ్మలు చేసే, పటాలు రాసే ఆ ఖాందాన్లను ‘నకాషీలు’ అంటారు. అక్బర్ బరాత్ రంగులో చూసిన నక్కాష్ ఇతనే. లఫ్జ్ అరబీ, రాసేది హిందూ ఖాందాన్, ఊరు తెలుగు, పేరు అడిగితే ‘నకాష్’. ఈ ఒక్క లఫ్జ్‌లో ఎంత తహజీబ్ మిళాయించి ఉందో చూడండి. ఇందులో ఎవరూ ఎవరి దగ్గర గుంజుకున్నది లేదు. హునర్ చేతులు మారినప్పుడు పేరు కూడా దానితో పాటే నడిచి వచ్చింది.

షంషీర్ పత్తా దగ్గర కూడా మన ఇలాఖా ఉంది. బాద్షా పరీక్షిస్తున్న ఫౌలాద్ ఎక్కడిదో ఆ పత్తా చెప్పదు. మేలురకం ఫౌలాద్ అప్పట్లో గోదావరికి ఇవతల కోనసముద్రంలోనూ, నిర్మల్‌కు తూర్పున దిమ్మదుర్తిలోనూ తయారయ్యేది. దమిష్క్ తల్వార్లని దునియా పిలిచినవాటికి ఇటువంటి హిందుస్తానీ ఫౌలాదే ముడిసరుకు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త కోనసముద్రం పోయి మట్టి మూసలు, కొలిమిలు చూసి రాశాడు. ఈరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ సాబ్ అక్కడే కూర్చుని ఫౌలాద్ ఖరీదు చేస్తుండడం కూడా రాశాడు. పత్తాలో బాద్షా ముఖం ఉంది, వజీర్ ముఖం ఉంది, సానపట్టేవాడి ముఖం కూడా ఉంది. ఇనుపరాయి తవ్వి, మూస కాల్చిన కమ్మరి ముఖం లేదు.

దేవుళ్ల పత్తాలు, మైసూర్ పత్తాలు

మొఘల్ గంజీఫా దేశంలో తిరిగేకొద్దీ మారింది. పది రంగులతో, 120 పత్తాలతో దశావతార గంజీఫా పుట్టింది. బాద్షా జాగాలో మత్స్యం, కూర్మం, రాముడు, కృష్ణుడు వచ్చారు, వజీర్ మాత్రం చాలాచోట్ల వజీర్‌గానే మిగిలాడు. ఆడే కాయిదా దాదాపు అదే. ఒరిస్సాలో రామాయణం పత్తాలు వచ్చాయి. మైసూర్‌లో మూడో కృష్ణరాజ వడయార్ (1794–1868) ఏకంగా పదమూడు కొత్త ఆటలు తయారుచేయించాడు. వాటిలో పెద్దదానికి 360 పత్తాలు. ఇప్పటి భాషలో చెప్పాలంటే అప్‌డేట్ మీద అప్‌డేట్.

ఇక్కడ ఒక మాట ఖుల్లాగా చెప్పాలి. 2023 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి తారీఖ్ పుస్తకంలో మొఘల్ దర్బార్ల పాఠం లేదు. పిల్లల మీద భారం తగ్గించడానికని చెప్పారు. అక్బర్‌నామా, అబుల్ ఫజల్ ముచ్చట ఉండేది ఆ పాఠంలోనే. పుస్తకం నుంచి పాఠం తీయొచ్చు. దశావతార పత్తాల్లోని వజీర్‌ను ఎట్లా తీస్తారు? నిర్మల్ కారీగర్ పేరులోని ‘నక్ష్’ను ఎట్లా తీస్తారు? తారీఖ్ కితాబుల్లోనే ఉండదు. ఆటల్లో, పేర్లలో, చేతిపనిలో కూడా దాక్కుని ఉంటుంది. మన పిల్లలకు దాన్ని అక్కడ వెతకడం నేర్పాలి.

గంజీఫాకు దెబ్బ వేరే దిక్కు నుంచి తగిలింది. యూరప్ నుంచి 52 అచ్చు పత్తాలు చౌకగా దిగాయి. మమ్లూక్ పత్తాలకు దూరపు మనవళ్లే అవి. చేత్తో రాసిన 96 పత్తాల జత మిషన్ పత్తాల ధరకు ఎట్లా వస్తుంది? మహారాష్ట్రలోని సావంత్‌వాడీలో రాజఖాందాన్ పూనుకుని ఆ హునర్‌ను మళ్లీ నిలబెట్టింది. నిర్మల్‌లో 1955లో కారీగర్ల సహకార సంఘం ఏర్పడింది, బొమ్మలు, పటాలు బతికాయి, జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పత్తాలాట మాత్రం బజారు నుంచి పోయింది.

ఏటేటా మారే బేస్‌బాల్

ఇక ఇప్పటి గంజీఫా. అమెరికాలోని సాన్ డియేగోలో సోనీ కంపెనీ స్టూడియో 2006 నుంచి ప్రతి ఏడూ ఒక బేస్‌బాల్ వీడియో గేమ్ తెస్తున్నది. దాని పేరు ‘ఎమ్‌ఎల్‌బీ ది షో’. బేస్‌బాల్ అంటే క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి. బంతి విసిరేవాడు, బ్యాటు పట్టేవాడు, పరుగులు ఉంటాయి, వికెట్లు ఉండవు. ప్రతి ఏడూ ఆటగాళ్ల ముఖాలు స్కాన్ చేస్తారు. ఎవరు ఎట్లా నిలబడతాడు, బంతి వేసే ముందు చేయి ఎట్లా తిప్పుతాడు అన్నది కెమెరాలతో పట్టి ఆటలో దించుతారు. స్టేడియం గోడలు, మబ్బు, జనం అరుపులు అన్నీ అసలువే అనిపించాలి. అక్బర్ పత్తాలో తూకం వేసేవాడి చేతిలో తరాజూ ఎంత సరిగ్గా ఉండాలో, ఇక్కడ బ్యాటు పట్టు అంత సరిగ్గా ఉండాలి.

క్రికెట్‌లో ఈ అసలుతనం ముచ్చట మనకు ఇంకో రకంగా తెలుసు. 2006 ఆఖర్లో వచ్చిన ‘క్రికెట్ 07’ ఆట మన దగ్గర ఇంటర్నెట్ సెంటర్లలో, దోస్తుల ఇళ్లల్లో ఏళ్ల తరబడి నడిచింది. రిచీ బెనో, మార్క్ నికోలస్ కామెంటరీ కుర్రాళ్లకు కంఠస్తం. కానీ లైసెన్సు లేని జట్ల ఆటగాళ్ల పేర్లు అసలువి కావు, మార్చి పెట్టినవి. స్టేడియం అసలుది, బ్యాటు అసలుది, మనవాడి పేరు మాత్రం నకలుది. చివరికి అభిమానులే కూర్చుని ప్యాచ్‌లు చేసి పేర్లు, దుస్తులు సరిదిద్దుకున్నారు. పేరు సరిగ్గా లేకుంటే ఎంత తకలీఫ్‌గా ఉంటుందో, రేషన్ కార్డులో, ఓటరు లిస్టులో తమ పేర్ల స్పెల్లింగులు చూసుకునే మనవాళ్లకు వేరే చెప్పాలా!

2023లో వచ్చిన బేస్‌బాల్ ఆటలో గ్రాఫిక్స్‌ను మించిన కొత్త ఫీచర్ ఒకటుంది. దాని పేరు ‘స్టోరీలైన్స్’, అందులో నీగ్రో లీగుల తారీఖ్ ఉంది. అమెరికాలో 1947 వరకు పెద్ద లీగుల్లో నల్లవాళ్లను ఆడనిచ్చేవారు కాదు. రాసిన కానూన్ ఏదీ లేదు, అయినా తలుపు మూసే ఉండేది. వాళ్లు తమ లీగులు తామే పెట్టుకున్నారు. రూబ్ ఫాస్టర్ 1920లో కాన్సాస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగ్ మొదలుపెట్టాడు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున మైదానంలోకి దిగడంతో ఆ గోడ పగిలింది. శాచెల్ పేజ్ అనే గొప్ప బౌలర్‌కు, వాళ్ల భాషలో పిచర్‌కు, ఆ తలుపు తెరుచుకునేసరికి 42 ఏళ్లు. జోష్ గిబ్సన్‌కు అసలే తెరుచుకోలేదు. రాబిన్సన్ దిగడానికి మూడు నెలల ముందు, 1947 జనవరిలో, 35 ఏళ్లకే ఇంతెఖాల్ అయ్యాడు.

ఆటలో వీళ్ల జిందగీని నీగ్రో లీగుల మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ తన గొంతుతో చెబుతాడు. దాస్తాన్‌గో లాగా ఖిస్సా చెప్పి, ‘ఇప్పుడు నువ్వు శాచెల్ పేజ్‌వి, బంతి వెయ్యి’ అన్నట్టు పిల్లవాడి చేతికి ఆట ఇస్తారు. మరుసటి ఏడు గిబ్సన్‌ను తెచ్చారు, 1953లో మగవాళ్లతో కలిసి ఆ లీగులో ఆడిన టోనీ స్టోన్ అనే ఔరత్‌ను కూడా తెచ్చారు. అదే 2024లో లీగ్ పెద్దలు నీగ్రో లీగుల లెక్కల్ని అసలు రికార్డుల్లో కలిపారు. దాంతో బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ను దాటి జోష్ గిబ్సన్ మొదటి జాగాకు వచ్చాడు. సగటు .372. మనిషి పోయిన 77 ఏళ్లకు పేరు ఎక్కింది.

అసలుతనం అంటే ఇది. గడ్డి రంగు, చొక్కా ముడతలు తర్వాతి సంగతి. ముందు ఆడినవాళ్లందరూ లెక్కలో ఉండాలి. అక్బర్ పత్తాల్లో గులాంకు దక్కనిది, క్రికెట్ 07లో మన ఆటగాడికి దక్కనిది ఇక్కడ ఆలస్యంగానైనా దక్కింది. దీన్ని ఒక కంపెనీ చేసింది, అది ముఫ్త్‌గా చేయలేదు, అమ్మింది. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అమ్మకం కోసమైనా ఇన్సాఫ్ మాట చెప్పాల్సి వచ్చిందంటే, దాని వెనక ఆ మాటను 70 ఏళ్లు మోసినవాళ్లున్నారు.

ప్యాకెట్‌లో పత్తాలు

ఇప్పుడు పైసల ముచ్చట. ఈ ఏటేటా ఆటల్లో పత్తాలు మళ్లీ వచ్చాయి. ఫుట్‌బాల్ ఆటలో 2009 నుంచి ‘అల్టిమేట్ టీమ్’, బేస్‌బాల్ ఆటలో ‘డైమండ్ డైనాస్టీ’. ఒక్కో ఆటగాడు ఒక పత్తా. ప్యాకెట్ కొంటే అందులో ఎవరొస్తారో తెరిచేదాకా తెలియదు. ప్యాకెట్ ఆట ఆడి సంపాదించుకోవచ్చు, లేదా అసలు పైసలతో ఆటలోని సిక్కాలు కొని తీసుకోవచ్చు. పిల్లవాడు తెరుస్తాడు, కావాల్సిన ఆటగాడు రాడు, ఇంకోటి తెరుస్తాడు. 2018లో బెల్జియం సర్కార్ ఇట్లాంటివి జూదం కిందికి వస్తాయని తేల్చింది. మరుసటి ఏడు ఫుట్‌బాల్ కంపెనీ అక్కడ వాటి కోసం పైసలు తీసుకోవడం ఆపింది.

మన దగ్గర తెలంగాణ 2017లోనే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని బంద్ చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ కానూన్ తెచ్చింది. పత్తాల ఆన్‌లైన్ అడ్డాల్లో పడి జీతాలు, బంగారం, కొందరు జానే పోగొట్టుకున్న ఘరానాలు మన మొహల్లాల్లోనూ ఉన్నాయి. ఆ కానూన్ ఎందుకొచ్చిందో వాళ్లను అడగండి. కానీ ప్యాకెట్ పత్తాల్లో పైసలు పోతే తిరిగి పైసలు రావు, ఉత్త పత్తా వస్తుంది. అందుకని అది జూదంలా కనిపించదు. అమ్మీ, అబ్బా గమనించాల్సింది అక్కడే.

పత్తాలాట జాయజా, నాజాయజా అన్నదాని మీద ఉలమాల మధ్య మాటలున్నాయి, ఫత్వా ఇచ్చే హైసియత్ నాది కాదు. కానీ మైసిర్ గురించి ఖురాన్‌లో సూరె మాయిదా ఏం చెబుతుందో అందరికీ తెలుసు, అందులో ఇఖ్తిలాఫ్ లేదు. కాబూల్‌లో హుమాయూన్ మజ్లిస్‌లో పందెం పెట్టారు కాబట్టి మనకూ దురుస్తే అనలేం. బాద్షాలు చేసిందల్లా దీన్ కాదు. పిల్లవాడి చేతిలో ఫోన్ గుంజుకునే ముందు రెండు సవాళ్లు అడగండి: ఇందులో నీ పైసలు ఎక్కడ పోతున్నయి? ఇందులో నీకు ఎవరి ఖిస్సా తెలుస్తున్నది? మొదటిదానికి జవాబు చెప్పలేకపోతే ఆట ఆపించండి. రెండోదానికి మంచి జవాబు చెబితే పక్కన కూర్చుని మీరు కూడా వినండి.

మన 96 పత్తాలు

సెలవుల్లో పిల్లలతో చేయించదగిన పని ఒకటి చెబుతా. అట్టపెట్టెలు గుండ్రంగా కోసి 96 పత్తాలు చేయించండి. ఎనిమిది రంగులు మన ఇలాఖావే పెట్టించండి. బీడీ రంగు: తునికాకు తెచ్చేవాడు, ఆకు కత్తిరించే దాదీ, చుట్టే ఖాలా, కట్టలు లెక్కబెట్టే కార్ఖానా మునీమ్. గల్ఫ్ రంగు: ఏజెంటు, విమానం ఎక్కే మామూ, రియాళ్లు లెక్కబెట్టేవాడు, ఫోన్‌లో వీడియో కాల్ కోసం కూర్చున్న నానీ. దర్జీ రంగు, ఆటో రంగు, గోదావరి చేపల రంగు, బొమ్మల రంగు. బొమ్మల రంగులో నకాషీని పెట్టడం మరవొద్దు. పొనికి కర్ర కోసేవాడు, చింతగింజల జిగురు కాచేవాడు, రంగులు వేసే ఇల్లాలు. మిగతా రెండు రంగులేవో పిల్లల్నే తేల్చుకోనివ్వండి.

బాద్షా, వజీర్ పత్తాల్లో ఎవరిని కూర్చోబెట్టాలన్నది కూడా వాళ్లకే వదిలేయండి. ఒక్క షరత్: గులాం రంగు ఉండొద్దు. ప్రతి పత్తా మీద ఉన్న మనిషి చేతిలో ఒక పని ఉండాలి, కింద ఆ పని పేరు ఉండాలి. తెలుగులో రాసినా సరే, ఉర్దూలో రాసినా సరే.

నిర్మల్ దాకా పోయే దారి దొరికితే బొమ్మల దుకాణంలో ఒకరిని పలకరించి, గంజీఫా పత్తాల సంగతి అడిగి రండి. తెలిసిన ముసలాయన ఎవరన్నా దొరికితే ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ ఫోన్ ఆటలకు ఒక్కదానికే కాదు, దీనికి కూడా పనికొస్తుంది. అల్లాహ్ మన పిల్లల వఖ్త్‌లో బర్కత్ ఇవ్వాలి, ఆమీన్.

ఖుదా హాఫిజ్.